సహరీ బాబా డఫ్

డఫ్‌ను కడగరు, తుడుస్తారు. ఈ ఒక్క ముక్క తెలియక మన ఇళ్ళలో ఎన్ని పాత డఫ్‌లు పాడైపోయాయో. షబే బరాత్ ముందు అటక మీది సామానంతా దించి సర్ఫు నీళ్ళతో రుద్దుతాం కదా, ఆ ఊపులో దాన్నీ రుద్దేస్తారు. సాయంత్రానికి తోలు ఉబ్బి సాగిపోతుంది. ఎండాక ఒక పక్క గుంజుకుని, ఒక పక్క వదులై, చట్రం వంకర తిరుగుతుంది. ఆ తర్వాత ఎంత కొట్టినా అట్టపెట్టె మీద కొట్టినట్టే ఉంటుంది.

ఈ రంజాన్ ముందు మా ఇంట్లో ఒక డఫ్‌ను శుభ్రం చేశాం. అది మాది కాదు, అమానత్. ఎలా చేశామో రాస్తే ఇంట్లో డఫ్‌గానీ దాయరాగానీ ఉన్నవాళ్ళకి పనికొస్తుందనిపించింది. దాంతోపాటు చెప్పాల్సిన ఇంకో సంగతి కూడా ఉంది.

మాది ఆత్మకూరు. కర్నూలు నుంచి గుంటూరు వెళ్ళే దారిలో, నల్లమల మొదలయ్యే చోట ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక నంద్యాల జిల్లా వాళ్ళమయ్యాం, నోరు మాత్రం ఇంకా కర్నూలు జిల్లా అనే అంటుంది. మా మొహల్లాను ఏళ్ళ తరబడి సహరీకి లేపింది ఒక ఫకీర్ తాత. పిల్లలం సహరీ బాబా అనేవాళ్ళం. రాత్రి రెండున్నర దాటాక ఆయన ముందు, లాంతరు పట్టుకుని ఆయన కొడుకు వెనక. "ఉఠో మియా, సహరీ కా వఖత్ హోగయా" అని ఇంటి పెద్ద పేరు పెట్టి పిలిచేవాడు. పేరుతో పిలిస్తే ముసుగు తన్ని పడుకున్నవాడు కూడా సిగ్గుపడి లేస్తాడు.

అందరి ఇళ్ళ ముందూ ఒకేలా కొట్టేవాడు కాదు. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ఇంట్లో మయ్యత్ అయి పది రోజులు కాలేదో, ఎవరు ఇద్దత్‌లో కూర్చున్నారో, ఏ ముసలాయనకి గుండె జబ్బో ఆయనకు తెలుసు. ఆ గడపల ముందు డఫ్ పట్టుకున్న ఎడమ చేతి వేళ్ళను లోపలి నుంచి తోలుకి ఆనించి కొట్టేవాడు. ఆవాజ్ సగానికి సగం అణిగి, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు వచ్చేది. లేవాల్సినవాళ్ళు లేచేవాళ్ళు, పడుకోవాల్సినవాళ్ళు పడుకునేవాళ్ళు.

బాబాది రేకుల ఇల్లు, వానొస్తే కారేది. ఇంతెఖాల్‌కు ముందు సంవత్సరం డఫ్ తెచ్చి మా అబ్బా చేతిలో పెట్టాడు. "బేటా, మేరే ఘర్ మే పానీ గిర్తా. తుమ్హారే పాస్ రఖో. చమ్‌డే కూ పానీ నక్కో దిఖావ్" అన్నాడు. మా ఇంట్లో అది లోపలి గదిలో గుడ్డసంచీలో ఉండిపోయింది. మొన్న బయటికి తీస్తే, కొట్టే చోట అరచేయంత నల్లమచ్చ, లాంతరు పొగతో ఒక అంచున మసి, తోలుకీ చట్రానికీ మధ్య సందుల్లో ఏళ్ళనాటి దుమ్ము, మేకుల చుట్టూ తుప్పు మరకలు.

శుభ్రం చేసే ముందు అదేం వస్తువో తెలియాలి. డఫ్ మీద ఉండేది మేక తోలు. చెప్పుల తోలూ సంచుల తోలూ తంగేడు చెక్కలోనో మందుల్లోనో ఊరవేసినవి. డఫ్ తోలు అలా ఊరవేసింది కాదు. నానబెట్టి, సున్నంతో వెంట్రుకలు ఊడదీసి, కండ గీకేసి, తడిగా ఉండగానే చట్రం మీద లాగి బిగించి ఆరనిస్తారు. మన వైపు డప్పులకైతే చింతగింజల జిగురుతో అంటిస్తారు. అంటే అది పచ్చి తోలే, ఎండిందంతే. నీళ్ళు తగిలితే మళ్ళీ నానబెట్టిన రోజుకి పోతుంది, జిగురూ వదులుతుంది. అందుకే బూటు పాలిష్, తోలు సంచులకు రాసే క్రీములు దీనికి పనికిరావు.

పాక్, నాపాక్ సంగతి చాలామంది అడుగుతారు. జబీహా చేసిన మేక తోలు పాకే. దబాగత్ చేస్తే తోలు పాక్ అవుతుందని హదీసు ఉంది. మన హనఫీ ఫిఖ్‌లో ఉప్పు పట్టించి ఎండబెట్టడం కూడా దబాగత్ కిందికే వస్తుంది. ముట్టుకుంటే వుజూ పోదు. ఇక కొట్టడం మాట. ఈద్ రోజునా పెళ్ళిలోనూ అమ్మాయిలు డఫ్ కొట్టిన సంగతి సహీ బుఖారీలోనే ఉంది. ఘుంఘురూలు లేని డఫ్ విషయంలో ఉలమాల మాట మెత్తగానే ఉంటుంది. మిగతా వాయిద్యాల మీద ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ బహస్ ఇప్పుడొద్దు. బాబా డఫ్‌కి ఘుంఘురూలు లేవు.

ఇక పని. ముందు పొడి పని. పెయింటు షాపులో దొరికే కొత్త మెత్తని బ్రష్ ఒకటి తెచ్చాం. డఫ్‌ను నిలువుగా పట్టుకుని, తోలుకీ చట్రానికీ మధ్య సందులోని దుమ్మును పైనుంచి కిందికి దులిపాం. పడుకోబెట్టి దులిపితే దుమ్ము మళ్ళీ సందులోకే పోతుంది. లోపలివైపు కూడా దులపాలి, అక్కడే ఎక్కువ చేరుతుంది. తర్వాత మా అమ్మీ పాత మల్లు దుపట్టా ముక్కతో నడిమి నుంచి అంచుకి చిన్న చిన్న చుట్లుగా తుడిచాం. నొక్కకూడదు. సగం మురికి ఇక్కడే పోతుంది.

మచ్చలకి పిల్లలు వాడే తెల్ల రబ్బరు చాలు. రంగు రబ్బరు వద్దు, రంగు అంటుకుంటుంది. ఒకే వైపుకి మెల్లగా రుద్ది, పొట్టును బ్రష్‌తో దులిపేయాలి. లాంతరు మసి చాలావరకు వచ్చేసింది. అరచేతి నల్లమచ్చ మాత్రం కొంచెం పలచబడి ఆగింది. అక్కడితో వదిలేశాం. అది పైన అంటిన మురికి కాదు, వేల రాత్రుల చెమటా చేతి జిడ్డూ తోల్లోకి ఇంకి అయిన రంగు. ఆ జిడ్డే అక్కడ తోలు పగలకుండా కాపాడింది. కొట్టని అంచుల దగ్గర తోలు ఎండి గరుకుగా ఉంది, కొట్టిన చోట ఇంకా నునుపే.

రబ్బరుకీ రాని మొండి మరక ఉంటే, గుడ్డను తడిపి, ఇక చుక్క రాదనేంత గట్టిగా పిండి, ఒక్కసారి తుడిచి వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. అంచు దగ్గరికి, జిగురు దగ్గరికి ఆ గుడ్డ పోనీయకూడదు. తర్వాత ఒక రోజంతా నీడలో ఆరాలి. ఆరేదాకా కొట్టకూడదు, వేడి చూపించకూడదు. సబ్బు, డెట్టాల్, శానిటైజర్ అసలు వద్దు. కొబ్బరినూనె రాయమని చెప్పేవాళ్ళుంటారు. రాస్తే రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత ఆవాజ్ మొద్దుబారుతుంది, నూనె ముక్కి చీమలూ ఎలుకలూ వస్తాయి. చెయ్యి జిడ్డు చాలు.

తోలు గాలిలోని తడిని పీల్చుకుంటుంది, వదులుతుంది. తడి పీలిస్తే వదులై గొంతు దిగుతుంది, ఎండితే బిగిసి గొంతు లేస్తుంది, మరీ ఎండితే చిట్లుతుంది. ఈ తడిని కావాలని వాడుకునేవాళ్ళూ ఉన్నారు. కచేరీల్లో కంజిర వాయించేవాళ్ళు గొంతు దించడానికి లోపలివైపు కాసిని నీళ్ళు చల్లుతారు. ఆ కంజిరకి ఒకప్పుడు ఉడుము తోలు వేసేవాళ్ళు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉడుముకి గట్టి రక్షణ ఉంది కాబట్టి ఇప్పుడు మేక తోలుతో చేస్తున్నారు. 1983 నుంచి పులుల అభయారణ్యం పక్కన బతుకుతున్న మా ఊళ్ళో ఉడుము ముట్టుకుంటే ఏమవుతుందో పిల్లలకి కూడా తెలుసు. కంజిర సంగతి వేరు, సహరీ డఫ్‌కి గొంతు పైకే ఉండాలి, వీధి చివరిదాకా వినిపించాలి.

చిక్కేమిటంటే సహరీ డఫ్ మోగాల్సింది సరిగ్గా తోలుకి గిట్టని వేళలో. రాత్రి చల్లబడేకొద్దీ గాలిలో చెమ్మ పెరుగుతుంది, తెల్లవారుజామున అన్నింటికన్నా ఎక్కువ. పగలు ఠంగుమని మోగిన డఫ్ మూడు గంటలకి దబ్ దబ్ అంటుంది. పైగా రంజాన్ ఒక మోసంలో ఉండదు. ఏటా పదీ పదకొండు రోజులు ముందుకొస్తూ, 33 ఏళ్ళకి అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. 2014లో జూలై వానల్లో వచ్చింది, 2018లో మే ఎండల్లో, 2026లో ఫిబ్రవరిలో. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వస్తుంది. ఒకే డఫ్ ఇన్ని వాతావరణాలు తట్టుకోవాలి.

బాబా దీనికి లాంతరు వాడేవాడు. వీధి మలుపులో ఆగి, కొడుకు చేతిలోని లాంతరు గాజు మీదికి డఫ్ పట్టి మెల్లగా తిప్పేవాడు. దారి చూపేదీ తోలు బిగించేదీ అదే. వీధుల్లో ఎల్‌ఈడీ లైట్లు వచ్చాక లాంతరు మానేశారు. వెలుగు పెరిగింది, డఫ్‌కి వెచ్చదనం పోయింది. పీర్ల పండక్కి మా వైపు తప్పెట కొట్టే మాదిగ సోదరులు ఇప్పటికీ వరిగడ్డి మంటకో అలావా సెగకో తప్పెట చూపించే మొదలెడతారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. నిప్పు మీద తప్పెట ఒక్క క్షణం కూడా నిలవదు, తిరుగుతూనే ఉంటుంది.

ఎంత దూరంలో పట్టాలి? బాబా కొలత సులువు. నిప్పుకీ తోలుకీ మధ్య నీ అరచెయ్యి పెట్టు. చెయ్యి ఆగగలిగితే తోలూ ఆగుతుంది. చెయ్యి వెనక్కి లాక్కుంటే డఫ్ కూడా వెనక్కే. గ్యాస్ స్టవ్ మంట మీద పట్టడం, మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేయడం, కిటికీలు మూసిన కారులో పెట్టి నమాజుకి పోవడం, ఈ మూడూ తోలు చిట్లే దారులు. మే నెలలో మా వైపు 40 డిగ్రీలు దాటుతుంది, ఆ రోజుల్లో నిప్పు అవసరమే ఉండదు. అరచేతులతో కాసేపు రుద్దితే చాలు. ఫిబ్రవరిలో ఇంట్లో పొయ్యి దగ్గర అరగంట ఉంచి, గుడ్డసంచీలో పెట్టుకుని బయల్దేరి, కొట్టే చోటే తీయాలి.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. నూలు సంచీ మేలు. వానాకాలంలో బయటి గోడకి తగిలించకూడదు, ఇంటి మధ్య గోడకి తగిలించొచ్చు. దాని మీద ఇంకేదీ పెట్టకూడదు. తోలు తినే చిన్న పురుగులుంటాయి, సూదిమొనంత బెజ్జాలూ కింద పొడీ కనిపిస్తే అవి చేరినట్టు. బ్రష్‌తో దులిపి, పొద్దుటి లేత ఎండలో కాసేపు పెట్టి, సంచీ మార్చాలి. వేపాకు వేసేవాళ్ళు బాగా ఎండినదే వేయాలి, పచ్చిది వేస్తే చెమ్మను ఇంట్లోకి పిలిచినట్టే. అంచు దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించినా కొట్టడం ఆపేసి, తోలు పని తెలిసినవాళ్ళకి చూపించాలి. చిన్నదైతే పలచని తోలు ముక్క అతికిస్తారు, పెద్దదైతే తోలు మార్చాల్సిందే.

ఇవన్నీ చేసినా, కొట్టకుండా ఉంచిన డఫ్ ఎక్కువ కాలం బతకదు. వారానికి ఒకసారైనా పది నిమిషాలు చెయ్యి పడాలి. చెయ్యి వేడి, చెయ్యి జిడ్డు, తోలు కదలిక, మూడూ అందులోనే ఉన్నాయి.

ఇక్కడ నేను చెప్పాల్సిన ఇంకో సంగతి వస్తుంది. హోటల్ పెడుతున్న ఒకాయన ఈ డఫ్ గురించి ఎవరి ద్వారానో విని వచ్చాడు. గోడకి పెట్టుకుంటాడట. వార్నిష్ కొట్టి మెరిపించి ఇస్తే ఐదు వేలు ఇస్తానన్నాడు. వార్నిష్ కొడితే తోలు ఇక మోగదని చెప్పాను. "మోగాల్సిన పని లేదు భాయ్, కనపడితే చాలు" అన్నాడు. మాట ఇచ్చేది మేం కాదు, డఫ్ బాబా కుటుంబానిది. కొడుకు ఆటో నడుపుతాడు. మనవడు డిగ్రీ మొదటి సంవత్సరం. ఫీజు కట్టే గడువు దగ్గరలో ఉంది. ఐదు వేలు చిన్న మొత్తం కాదు.

మనవడికి ఇంకో బాధ ఉంది. క్లాసులో వాణ్ణి "ఫకీరోడా" అని పిలుస్తారట. 2007లో వెనకబడిన ముస్లింలకి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన బీసీ-ఇ జాబితాలో ఘంటి ఫకీర్, తురక బుడబుక్కి లాంటి పేర్లున్నాయి. చేతిలో ఏది మోగితే అదే మనిషి పేరైపోయింది. సర్టిఫికెట్‌లో సీటు తెచ్చే పేరే క్లాసులో తిట్టవుతుంది. డఫ్ తుడిచిన రెండు రోజులూ వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. రబ్బరు పని వాడే చేశాడు. నల్లమచ్చ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపి, తన అరచెయ్యి దాని మీద పెట్టి చూసుకున్నాడు. వాడి చెయ్యి కొంచెం చిన్నది.

"చాచా, ఇది అమ్మితే మళ్ళా రాదు కదా?" అన్నాడు.

"రాదు బేటా."

"వాళ్ళు ఎట్లాగూ నన్ను ఫకీరోడా అంటానే ఉండారు. అనిపించుకునేదేదో కొట్టే అనిపించుకుంటా."

నేను వాడి అమ్మీ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. భాభీ చాలాసేపు మాట్లాడలేదు. "ఈ ఒక్క రంజాన్ కొట్టనీ భయ్యా. పండగయ్యాక చూద్దాం" అంది. అంతవరకే. అమ్మకం ఆగిందని అనను, వాయిదా పడింది.

మొహల్లాలో కొందరు పెద్దలు మసీదు మైకు ఉంది, ఫోన్లలో అలారం ఉంది, డఫ్ దేనికి అన్నారు. లేవడానికే అయితే నిజమే, అవసరం లేదు. కానీ బాలింత ఉన్న ఇంటి ముందు మైకు మెల్లగా మాట్లాడదు. ఆ డఫ్ కావాలనుకునేవాళ్ళు ఒక లెక్క చూసుకోవాలి. ఈద్ రోజు ఫకీర్ గడప ముందుకొస్తే పది రూపాయల నోటు జోలెలో వేసి ఖైరాత్ చేశామనుకుంటాం. ముప్ఫై రాత్రులు మన కోసం నిద్ర మానుకున్న మనిషికి ఇచ్చేది భీక్ కాదు, మెహనతానా. దాన్ని ఈద్ దాకా ఆపకుండా ముందే, వాడి చేతిలో, మర్యాదగా పెడితే డిగ్రీ ఫీజు కోసం డఫ్ గోడెక్కాల్సిన అవసరం రాదు. మా వీధిలో ఎనిమిది ఇళ్ళవాళ్ళం అలా చేస్తున్నాం. మిగతా వీధుల సంగతి ఇన్షా అల్లాహ్.

నిన్న సాయంత్రం వాడు మళ్ళీ వచ్చాడు. తోలు బాగానే బిగిసింది, ఆవాజ్ వచ్చింది. కొట్టడం వాడికి కొంత వచ్చు, మిగతాది పది రాత్రుల్లో వస్తుంది. వాడు అడిగింది వేరే. మా అమ్మీ పక్కన మంచం మీద కూర్చుని, ఫోన్ తీసి, "దాదీ, బాబా ఏ ఇండ్ల ముందర మెల్లగా కొట్టేవాడు?" అన్నాడు.

"అప్పటి ఇళ్ళు ఇప్పుడెందుకు రా? ఇప్పటివి చెప్తా రాసుకో" అంది అమ్మీ. "నీళ్ళ ట్యాంకు పక్కింట్లో పిల్లాడు పుట్టి ఇరవై రోజులు. మసీదు వెనక ఆపా ఇద్దత్‌లో ఉంది, ఇంకా రెండు నెలలు. మూల మీద ఇంట్లో ముసలాయనకి మొన్ననే స్టెంట్ వేశారు..."

వాడు రాసుకుంటున్నాడు.